జీతం కోతకి ఓటు వేయాలా, వద్దా? ఒహాయో నుంచి ఒక ట్రక్కు డ్రైవర్ ఉత్తరం

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మా అక్క పిటిషన్ మీద కుటుంబంతో సహా అమెరికా వచ్చాం. మొదట్లో గ్యాస్ స్టేషన్‌లో చేశాను. తర్వాత సీడీఎల్ (భారీ ట్రక్కులు నడిపే లైసెన్స్) తీసుకుని ఒక ఎల్‌టీఎల్ కంపెనీలో చేరాను. పదకొండేళ్లుగా అక్కడే ఉన్నాను, ఇప్పుడు లైన్‌హాల్ డ్రైవర్ని. ట్రక్కు డ్రైవర్ల యూనియన్ టీమ్‌స్టర్స్‌లో మెంబర్ని. వయసు 51. ఏడాదికి 90 వేల డాలర్ల దాకా వస్తుంది. కంపెనీ నష్టాల్లో ఉందని చెప్పి మూడేళ్ల పాటు జీతంలో 10 శాతం కోత, పెన్షన్‌కి కంపెనీ కట్టే డబ్బులో సగం తగ్గింపు అడుగుతున్నారు. బదులుగా షేర్లు ఇస్తారట. ఒప్పుకోకపోతే మూసేయాల్సి వస్తుందని టెర్మినల్ మేనేజర్ అంటున్నాడు. వచ్చే నెలలో ఓటింగ్. ఇంటి లోన్ ఉంది, పాప ఈ ఏడాదే కాలేజీలో చేరుతోంది. ‘చేతిలో ఉన్నది పోగొట్టుకోవద్దు, ఒప్పుకో’ అంటుంది మా ఆవిడ. ‘ఒకసారి ఒప్పుకుంటే ఇక అంతే’ అంటారు డాక్ మీద సీనియర్లు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తానండీ. మీరు రాసిన రూపంలోనే ఆ కాగితం బ్యాలెట్ మీదికి వస్తే ‘వద్దు’ అని వేయండి.

జీతం ఎప్పటికీ తగ్గనివ్వకూడదన్న పట్టుదలతో ఈ మాట చెప్పడం లేదు. కోతకి ఒప్పుకున్నాక నిలబడిన కంపెనీ ఉంది, ఒప్పుకున్నా మునిగిపోయిన కంపెనీ ఉంది. మీరు వదులుకున్న డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది, అది మళ్లీ మీకు ఎప్పుడు వస్తుంది, ఈ రెండూ కాగితం మీద రాసి ఉన్నాయా లేదా అన్నదే నేను చూసేది. మీ ఉత్తరంలో ఆ రెండింటి గురించి ఒక్క మాట కూడా లేదు. మీరు రాయడం మర్చిపోయారని అనుకోను. మీకెవరూ చెప్పి ఉండరు.

మిగతా పాఠకుల కోసం ఒక్క మాట. ఎల్‌టీఎల్ అంటే ఒకే ట్రైలర్‌లో పది మంది సరుకు కలిపి తీసుకెళ్లే వ్యాపారం, మన దగ్గర పార్సెల్ లారీ సర్వీసుల్లాగా. ఊరూరా టెర్మినల్స్ ఉండాలి, సరుకు దించి మళ్లీ ఎక్కించడానికి డాక్ మీద మనుషులుండాలి. రాత్రి పూట టెర్మినల్ నుంచి టెర్మినల్‌కి ట్రైలర్లు నడిపేవాళ్లే లైన్‌హాల్ డ్రైవర్లు. ఖర్చులో చాలా భాగం సరుకు ఉన్నా లేకపోయినా తప్పదు. అందుకే సరుకు కొంచెం తగ్గగానే ఈ కంపెనీలు ఊగిపోతాయి, మొదటి చూపు జీతాల మీద పడుతుంది.

మీ సీనియర్లు ‘ఇక అంతే’ అంటున్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది 2023లో మూతపడిన యెల్లో అనే ఎల్‌టీఎల్ కంపెనీయే అయి ఉంటుంది. ఆ కథ మీరు వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే మీ ముందున్న ప్రతిపాదన దాని మొదటి అధ్యాయంలాగే ఉంది.

1924లో ఓక్లహోమా సిటీలో మొదలైన సంస్థ అది. 2003లో వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టి రోడ్‌వే అనే ట్రక్కు కంపెనీని కొన్నది, 2005లో అంతకన్నా ఎక్కువ పెట్టి యూఎస్‌ఎఫ్ అనే ఇంకో ట్రక్కు కంపెనీని కొన్నది, వైఆర్‌సీ అని పేరు మార్చుకుంది. కొన్న కంపెనీలని ఒకటిగా కలపడం సరిగ్గా చేతకాలేదు, అప్పు మాత్రం మిగిలింది. 2008 మాంద్యంలో సరుకు పడిపోయేసరికి ఆ అప్పు మెడకి చుట్టుకుంది. నా లెక్కలో ఆ కష్టం డ్రైవర్ల జీతాల వల్ల వచ్చింది కాదు. కానీ తీర్చమని మొదట అడిగింది వాళ్లనే.

2009 జనవరిలో 10 శాతం కోతకి సభ్యులు ఓటేశారు. బదులుగా కంపెనీలో 15 శాతం వాటా ఇస్తామన్నారు. ఆగస్టుకల్లా ఇంకో 5 శాతం అడిగారు, పెన్షన్‌కి కట్టే డబ్బు మొత్తం ఆపేశారు. దానికీ ఒప్పుకున్నారు. 2010లో మళ్లీ ఓటింగ్ పెట్టి ఆ 15 శాతం కోతని 2015 దాకా సాగదీశారు. పెన్షన్ డబ్బు 2011 జూన్‌లో మళ్లీ మొదలైంది గానీ పాత రేటులో నాలుగో వంతే. 2014 జనవరిలో దీన్ని 2019 దాకా పొడిగించమంటే సభ్యులు ‘వద్దు’ అన్నారు. కొద్దిపాటి మార్పులు చేసి అదే నెలలో రెండోసారి బ్యాలెట్ పెట్టారు, ఈసారి గెలిపించుకున్నారు. ఒక్క కష్టకాలం కోసం అడిగిన కోత అలా పదేళ్లు నడిచింది.

షేర్ల సంగతి ఇంకా బాధాకరం. 2009 చివర్లోనే బాండ్లు పట్టుకున్నవాళ్లు తమ అప్పుకి బదులు వాటా తీసుకున్నారు. కంపెనీలో దాదాపు 94 శాతం వాళ్ల చేతికి వెళ్లింది. ఆ తర్వాత 2010లో 25 షేర్లని కలిపి ఒకటి చేశారు, 2011లో 300 షేర్లని కలిపి ఒకటి చేశారు. అంటే మొదట్లో 7,500 షేర్లున్న మనిషికి చివర్లో మిగిలింది ఒక్కటి. మీకు ఇస్తామంటున్న షేర్లని ఇంటి లెక్కలో సున్నాగా రాసుకోండి. తర్వాత ఎప్పుడైనా విలువ పెరిగితే సంతోషమే.

2020 జూలైలో కరోనా సాయం కింద ప్రభుత్వ ఖజానా నుంచి 70 కోట్ల డాలర్ల అప్పు కూడా దొరికింది. ప్రభుత్వం దాదాపు 30 శాతం వాటా తీసుకుంది. 2023లో అన్ని శాఖల నెట్‌వర్క్‌ని ఒకటి చేసే మార్పులకి యూనియన్ ఒప్పుకోవడం లేదని కంపెనీ కోర్టుకెక్కి 13.7 కోట్ల డాలర్ల నష్టపరిహారం అడిగింది. జూలైలో ఆరోగ్య బీమా, పెన్షన్ నిధులకి కట్టాల్సిన 5 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము కట్టలేదు. సమ్మె నోటీసు వెళ్లింది, కస్టమర్లు సరుకు వేరే కంపెనీలకి మళ్లించారు, జూలై 30న తలుపులు మూశారు, ఆగస్టు 6న దివాలా పిటిషన్ వేశారు. సుమారు 30 వేల మంది ఉద్యోగాలు పోయాయి, అందులో 22 వేల మంది టీమ్‌స్టర్లు. యూనియన్ మొండితనమే ముంచిందని కంపెనీ అంది. ఇన్నేళ్ల రాయితీలు తిన్నా నడపడం రాలేదని యూనియన్ అంది. చివరి ఆరు నెలలు మాత్రమే చూస్తే రెండు మాటల్లోనూ కొంత నిజం కనిపిస్తుంది. ఇరవై ఏళ్లూ కలిపి చూస్తే నాకు యూనియన్ మాటే ఎక్కువ నిజం అనిపిస్తుంది.

మీ ఆవిడకి కూడా ఈ భాగం చదివి వినిపించండి. ఎందుకంటే ఆమె మాటకీ ఇందులో బలం ఉంది. 2009లో ఆ డ్రైవర్లు ‘వద్దు’ అని ఉంటే కంపెనీ ఆ ఏడాదే మూతపడి ఉండేదేమో. మాంద్యంలో వేరే ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న మనవాళ్లకి తెలుసు. ఒప్పుకున్నందువల్ల పద్నాలుగేళ్లు పని దొరికింది. 2009లో 50 ఏళ్లున్న మనిషి తక్కువ జీతంతోనైనా రిటైర్మెంట్ దాకా ఈదుకొచ్చాడు. 2009లో 35 ఏళ్లున్న మనిషి మాత్రం 49వ ఏట, తగ్గిన పెన్షన్‌తో, సీనియారిటీ పోగొట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. ఒకే ఓటు ఇద్దరికి రెండు రకాలుగా పనిచేసింది. అందుకే మీ టెర్మినల్‌లో అరవై దాటినవాళ్లు ‘సరే’ అంటే కోపం తెచ్చుకోకండి, పాతికేళ్ల కుర్రాడు ‘వద్దు’ అంటే తప్పుపట్టకండి. మీ 51 ఈ రెండింటి మధ్య పడింది. ఇంకా పది పన్నెండేళ్లు పని చేయాలి. మూడేళ్లు గండం గడవడం మీకు సరిపోదు, ఆ తర్వాత కూడా కంపెనీ ఉండాలి.

ఇప్పుడు ఏబీఎఫ్ సంగతి. అదీ టీమ్‌స్టర్స్ ఉన్న ఎల్‌టీఎల్ కంపెనీయే. వైఆర్‌సీకి ఇచ్చిన రాయితీలే మాకూ ఇవ్వండని 2010లో అడిగితే అక్కడి సభ్యులు ‘వద్దు’ అని ఓటేశారు. కంపెనీ నష్టాల్లోనే ఉన్నా మూతపడలేదు. 2013లో కొత్త కాంట్రాక్టుకి మళ్లీ బేరం కూర్చున్నప్పుడు 7 శాతం కోతకి, ఒక వారం సెలవు తగ్గింపుకి సభ్యులు ఒప్పుకున్నారు. ఆ కాంట్రాక్టులోనే తర్వాతి సంవత్సరాలకి పెంపు ఎంతో రాసి ఉంది. ఏబీఎఫ్ ఇప్పటికీ నడుస్తోంది, 2023లో మంచి కాంట్రాక్టే కుదిరింది. దాని మీద యెల్లో అంత అప్పుల కొండ లేదన్నది ముఖ్యమైన తేడా. కానీ మొదటి ‘వద్దు’తో ఆకాశం విరిగిపడలేదనీ, మూడేళ్ల తర్వాత వచ్చిన బేరం మొదటిదాని కన్నా తక్కువ బాధతో కుదిరిందనీ మర్చిపోకండి.

కాబట్టి ఓటింగ్ కంటే ముందు జరిగే లోకల్ (మీ ఊరి యూనియన్ శాఖ) మీటింగ్ మీకు ముఖ్యం. రాత్రంతా నడిపి వచ్చి నిద్రపోవాల్సిన సమయమే అయినా ఆ ఒక్క రోజు వెళ్లండి. అక్కడ మొదట అడగాల్సింది కంపెనీ లెక్కలు. ‘మాకు కట్టే స్తోమత లేదు’ అని బేరంలో చెప్పిన యజమాని, యూనియన్ అడిగితే ఆ మాటకి ఆధారంగా లెక్కలు చూపించాలి. 1956లో ట్రూయిట్ మాన్యుఫాక్చరింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. ఈ సంగతి కంపెనీ లాయర్లకి బాగా తెలుసు. అందుకే బేరం బల్ల దగ్గర ‘కట్టలేం’ అనరు, ‘పోటీలో నిలబడాలంటే ఇది కావాలి’ అంటారు. అలా అంటే లెక్కలు చూపించాల్సిన బాధ్యత చాలావరకు తప్పిపోతుంది. మీ టెర్మినల్ మేనేజర్ నోరు జారి ‘మూసేయాల్సి వస్తుంది’ అన్నాడు కదా. ఆ మాట ఏ రోజు, ఎక్కడ, ఎవరి ముందు అన్నాడో రాసి మీ స్టీవార్డ్ (టెర్మినల్‌లో యూనియన్ ప్రతినిధి) చేతికివ్వండి. లెక్కలు అడగడానికి అది యూనియన్‌కి పనికొస్తుంది.

లెక్కలు వచ్చాక చూడాల్సింది అప్పు ఎంత, ఎవరికి, ఎప్పుడు కట్టాలి అన్నది. మీ కోత అంతా వడ్డీకే పోయేట్టుంటే అది చిల్లు కుండలో నీళ్లు పోయడమే. అప్పు ఇచ్చినవాళ్లు గడువు పొడిగిస్తున్నారా, వడ్డీ తగ్గిస్తున్నారా? పై అధికారుల జీతం, బోనస్ కూడా అదే శాతం తగ్గుతున్నాయా? టెర్మినల్స్ స్థలాలు ఎవరి తాకట్టులో ఉన్నాయి? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. యెల్లో మూతపడ్డాక 2023 డిసెంబర్ వేలంలో 130 టెర్మినల్స్‌కి 188 కోట్ల డాలర్లు పలికాయి. నష్టాల కంపెనీ కింద అంత విలువైన నేల ఉంది. ఆ డబ్బులో మొదటి హక్కు తాకట్టు ఉన్న అప్పులవాళ్లది, పనివాళ్లు ఆ తర్వాతి వరసలో నిలబడ్డారు.

ఇక కోత తిరిగి రావడం. మూడేళ్లు నిండిన రోజున ఎవరూ అడగకుండానే పాత రేటు దానంతటదే రావాలి. మధ్యలో లాభం ఒక గీత దాటితే ముందే రావాలి. కంపెనీని వేరేవాళ్లకి అమ్మితే ఆ రోజుతో కోత రద్దవ్వాలి. ఈ మూడూ కాంట్రాక్టు భాషలో ఉంటే, అప్పులవాళ్లూ అధికారులూ కూడా తమ వంతు వదులుకుంటే, లెక్కలు యూనియన్ చూసి ‘నిజమే’ అంటే, అప్పుడు నా సలహా మారుతుంది. అలాంటి కాగితానికి ‘సరే’ అని వేయండి, బాధపడకండి.

‘వద్దు’ గెలిచాక ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పాలి. ఎక్కువసార్లు కంపెనీ మళ్లీ బేరానికి వస్తుంది. కానీ దివాలాకి వెళ్లే అవకాశం కూడా ఉంది. చాప్టర్ 11లోకి (కంపెనీ నడుస్తూనే అప్పులు సర్దుకునే దివాలా పద్ధతి) వెళ్లినంత మాత్రాన యూనియన్ కాంట్రాక్టుని చించి పారేయడం కుదరదు, దివాలా చట్టంలో సెక్షన్ 1113 ప్రకారం ముందు బేరమాడాలి, సమాచారం ఇవ్వాలి, జడ్జి ఒప్పుకోవాలి. జడ్జి ఒప్పుకునే కేసులూ ఉంటాయి. పిటిషన్‌కి ముందు 180 రోజుల్లో మీరు సంపాదించిన, మీకు రావాల్సిన జీతానికి 17,150 డాలర్ల దాకా చెల్లింపుల వరసలో ప్రాధాన్యం ఉంటుంది. పెద్ద కంపెనీలు మూసే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలన్న వార్న్ చట్టం ఉంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. యెల్లో కార్మికులు ఆ నోటీసు డబ్బు కోసం ఏళ్ల తరబడి కోర్టులోనే పోరాడాల్సి వచ్చింది.

పెన్షన్ గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నన్నడిగితే అసలు పెద్ద దెబ్బ అక్కడే. ఇప్పటిదాకా మీ పేరున జమైనది కంపెనీ చేతిలో లేదు, ట్రస్టు నిధిలో ఉంది. కంపెనీ మునిగినా అది మాయమైపోదు. నిధే మునిగితే ప్రభుత్వ బీమా ఉంది గానీ చాలా తక్కువ. పలు కంపెనీలు కలిసి కట్టే నిధుల్లో 30 ఏళ్ల సర్వీసుకి ఏడాదికి 12,870 డాలర్లే ఆ బీమా పరిమితి. టీమ్‌స్టర్ల సెంట్రల్ స్టేట్స్ నిధి మునిగే దాకా వచ్చి, 2022 డిసెంబర్‌లో దాదాపు 3,600 కోట్ల డాలర్ల ప్రభుత్వ సాయంతో బయటపడింది. మీరు ఏ నిధిలో ఉన్నారో చూసి వాళ్ల ఆఫీసుకే ఫోన్ చేయండి. కంపెనీ సగమే కడితే ఆ మూడేళ్లకి సర్వీసు క్రెడిట్ పూర్తిగా వస్తుందా, సగం వస్తుందా, ముందుగా రిటైరయ్యే హక్కు పోతుందా అని అడగండి. జవాబు నోటిమాటగా వద్దు, ఉత్తరంగా తీసుకోండి. జీతంలో 10 శాతం పోతే పే స్టబ్‌లో (జీతం చీటీ) కనిపిస్తుంది. ఇది మాత్రం మీకు అరవై దాటాకే తెలుస్తుంది.

ఇంటి సంగతికొద్దాం. 90 వేలలో 10 శాతం అంటే ఏడాదికి 9 వేలు, నెలకి 750 డాలర్లు, మూడేళ్లకి 27 వేలు. ఓటు ఏమైనా సరే, ఈ నెల నుంచే కోత పడిందనుకుని ఆ 750 పక్కన పెట్టడం మొదలుపెట్టండి. కోత వస్తే ఇల్లు అప్పటికే అలవాటు పడి ఉంటుంది. రాకపోతే, కంపెనీ మూతపడితే, చేతిలో కొంత డబ్బుంటుంది. మీరూ మీ ఆవిడా ఒక సాయంత్రం కూర్చుని ఈ లెక్క వేసుకుంటే ఆమె భయం సగం తగ్గుతుందని నా నమ్మకం. ఆమె అడుగుతున్నది ‘ఒప్పుకో’ అని కాదు, ‘మూతపడితే మనం ఏం చేస్తాం’ అని. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి.

ఆ జవాబులో మొదటిది మీ లైసెన్స్. మెడికల్ కార్డ్ గడువు దాటనివ్వకండి. హజ్‌మత్ (ప్రమాదకర సరుకు) ఎండార్స్‌మెంట్ రెన్యువల్‌కి బ్యాక్‌గ్రౌండ్ చెక్‌తో వారాలు పడుతుంది కాబట్టి ముందే చేయించుకోండి. డబుల్స్ (రెండు ట్రైలర్లు), ట్యాంకర్ నడిపే అనుమతులు లేకపోతే ఇప్పుడే తీసుకోండి. పదకొండేళ్ల లైన్‌హాల్ అనుభవానికి ఉద్యోగం దొరుకుతుంది. కానీ సీనియారిటీ మళ్లీ అట్టడుగు నుంచి మొదలవుతుంది, ఎక్స్‌ట్రా బోర్డులో (స్థిరమైన రూటు లేక పిలిచినప్పుడు వెళ్లేవాళ్ల జాబితా) ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోవాలి, యూనియన్ ఉండకపోవచ్చు. 51లో అది ఒంటికి కష్టమే, తెలిసే చెబుతున్నాను. ఒక్కటి మాత్రం చేయకండి: భయంలో ‘సొంత ట్రక్కు’ అని ఆశపెట్టే లీజ్-పర్చేజ్ (వాయిదాలు కడుతూ చివర్లో ట్రక్కు సొంతం చేసుకునే) కాగితం మీద సంతకం పెట్టకండి. వారం వారం కోతలు పోగా ఏమీ మిగలక, ట్రక్కూ చేతికి రాక నష్టపోయిన డ్రైవర్లు ఎందరో. ఆ పథకాలని నిషేధించాలని 2025లో ఫెడరల్ టాస్క్ ఫోర్సే సిఫారసు చేసింది.

ఆరోగ్య బీమా పోతే మీ ఆవిడ ఉద్యోగం ద్వారా చేరడానికి 30 రోజులు, మార్కెట్‌ప్లేస్‌లో (ప్రభుత్వం నడిపే బీమా సైట్) కొనడానికి 60 రోజులు గడువుంటుంది. ఇంట్లో ఎవరికైనా రోజూ వేసుకునే మందులుంటే ఈ తేదీలు రాసిపెట్టుకోండి.

పాప కాలేజీ మాన్పించే ఆలోచన, దగ్గర్లో ఏదో ఒకదాంట్లో చేర్పించే ఆలోచన ఇప్పుడే వద్దు. ఆర్థిక సాయం లెక్క పాత సంవత్సరం ఆదాయం మీద వేస్తారు. మధ్యలో ఆదాయం తగ్గితే మళ్లీ లెక్కించమని కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుని అడగొచ్చు, చాలా కాలేజీలు దానికో ఫారం పెట్టాయి. కోత ఖాయమైతే కొత్త పే స్టబ్‌లు రెండు మూడు జతచేసి ఆ ఫారం వెంటనే ఇవ్వండి. లోకల్ మీటింగ్‌లో ప్రతిపాదన పూర్తి పాఠం చేతికొస్తే, మీ పేరూ కంపెనీ పేరూ కొట్టేసి నాకు పంపండి. బ్యాలెట్ గడువు లోపల చదివి జవాబు రాస్తాను.